మోడ్లు వేసిన మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఎక్కడ పెట్టాలి: ఇంట్లోనా, ఉచిత సైటులోనా, అద్దెకా?

కావలిలో ఒకరు, ఒంగోలులో ఇద్దరు, చెన్నై హాస్టల్లో ఇంకో ఇద్దరు. అందరూ కలిసి మోడ్లు (ఆటకు కొత్త వస్తువులు, యంత్రాలు చేర్చే అదనపు ఫైళ్ళు) వేసిన మైన్‌క్రాఫ్ట్ ఆడాలంటే సర్వర్ ఎవరో ఒకరు పెట్టాలి. అక్కడ అందరూ మొదట అడిగేది "ఎంత ర్యామ్ కావాల?" అని. నిజానికి అది మూడో ప్రశ్న. మొదటిది, మీ ఇంటికొచ్చే నెట్ లైనుకు బయటినుంచి లోపలికి దారి ఉందా లేదా. రెండోది, కరెంటు పోతే ఆ మెషీన్, ఆ రౌటర్ ఎంతసేపు నిలబడతాయి. ఈ రెండూ తేల్చుకోకుండా మెషీన్ కొన్నా, అద్దె కట్టినా నెల తిరక్కముందే సర్వర్ మూలన పడుతుంది.

ఇక్కడ చెప్పేదంతా కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్ గురించి. ఫోన్లో ఆడేవాళ్ళ సంగతి వేరు, అది చివర్లో ఉంది.

ముందు లైను పరీక్ష

రౌటర్ పేజీ తెరవండి. చాలా రౌటర్లకు 192.168.1.1, కొన్నింటికి 192.168.0.1, జియో ఫైబర్‌కు 192.168.29.1. అందులో వ్యాన్ ఐపీ అని ఒక అంకె ఉంటుంది, రాసుకోండి. తర్వాత బ్రౌజర్‌లో మీ ఐపీ ఏంటో చూపించే ఏ సైటుకైనా వెళ్ళి అక్కడ కనపడే అంకెతో పోల్చండి. రెండూ ఒకటైతే మీకు పబ్లిక్ ఐపీ ఉన్నట్టు. తేడా ఉంటే, ముఖ్యంగా రౌటర్‌లో 100.64 నుంచి 100.127 మధ్యలో గానీ 10తో గానీ మొదలయ్యే అంకె ఉంటే, మీ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్ళకు కలిపి పంచుతోందని అర్థం. దీన్ని సీజీన్యాట్ అంటారు. అపార్ట్‌మెంట్ గేటు తాళం వాచ్‌మన్ దగ్గరుంటే మీ ఫ్లాటు తలుపు తెరిచి పెట్టుకున్నా చుట్టాలు లోపలికి రాలేరు కదా, అలాంటిదే. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ వాడే 25565 పోర్టును రౌటర్‌లో ఎన్నిసార్లు తెరిచినా స్నేహితులకు "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అనే వస్తుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ వీడియోలు చూసి రెండు రోజులు పోగొట్టుకునేవాళ్ళలో చాలామందికి అసలు జబ్బు ఇదే.

సీజీన్యాట్ ఉంటే మూడు మందులు. ఒకటి, కంపెనీని స్టాటిక్ ఐపీ, అంటే మీకొక్కరికే ఇచ్చే మారని ఐపీ, అడగడం. నెలకు అదనంగా కట్టాలి, అందరూ ఇవ్వరు. రెండోది ఐపీవీ6. కొన్ని లైన్లు ఐపీవీ4కు సీజీన్యాట్ పెట్టినా ఐపీవీ6 మాత్రం పబ్లిక్‌గానే ఇస్తాయి. కానీ ఆడే ప్రతి ఒక్కరికీ ఐపీవీ6 ఉండాలి, రౌటర్ ఫైర్‌వాల్‌లో అనుమతి ఇవ్వాలి, అడ్రస్ మారుతూ ఉంటుంది. ఓపిక ఉన్నవాళ్ళకే అది. మూడోది టన్నెల్, అంటే ఇంకో సర్వీసు సాయంతో మీ మెషీన్‌కు దారి వేసుకోవడం. ఎక్కువమందికి సరిపోయేది ఇదే.

టన్నెళ్ళలో రెండు జాతులు. ప్లేఇట్ లాంటివి వాడితే సర్వర్ ఉన్న మెషీన్‌లో మాత్రమే చిన్న ప్రోగ్రాం వేయాలి, స్నేహితులకు ఒక అడ్రస్ పంపితే చాలు. కానీ ప్రతి ప్యాకెట్ వాళ్ళ సర్వర్ మీదుగా తిరిగి వస్తుంది గనుక పింగ్ (సర్వర్‌కు వెళ్ళి జవాబు రావడానికి పట్టే సమయం) పెరుగుతుంది. టెయిల్‌స్కేల్, జీరోటైర్ లాంటివైతే ఆడే ప్రతివాళ్ళూ యాప్ వేసుకోవాలి, టెయిల్‌స్కేల్‌కైతే ఖాతా కూడా తెరవాలి. ఆ పని ఒక్కసారే. తర్వాత వీలైనప్పుడల్లా రెండు మెషీన్లూ నేరుగా మాట్లాడుకుంటాయి, పింగ్ తక్కువ. పైగా సర్వర్ బయటి ప్రపంచానికి కనపడదు, ఇది చిన్న లాభం కాదు. ఐదారుగురు తెలిసినవాళ్ళే ఆడేటట్టయితే మేం రెండో జాతినే ఎంచుకోమంటాం. హాస్టల్ వైఫైలో నేరుగా దారి దొరక్కపోతే టెయిల్‌స్కేల్ తన రిలే మీదుగా పంపుతుంది, అప్పుడు ఆట నత్తనడక నడుస్తుంది. ఆ కుర్రాణ్ణి మొబైల్ హాట్‌స్పాట్‌తో ఒకసారి ప్రయత్నించమనండి. తేడా తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. వాయిస్ చాట్ మోడ్ వేసుకుంటే అది ఆట పోర్టు కాకుండా 24454 యూడీపీ వాడుతుంది. ఆట నడుస్తూ మాట మాత్రం వినపడకపోతే ఆ రెండో పోర్టుకు దారి ఇవ్వలేదన్నమాట.

ఇంట్లో పెడితే: పాత ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ కన్నా మేలు

ఈ మాట చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. కానీ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సర్వర్‌ను పాడుచేసేది ప్రాసెసర్ కాదు, కరెంటు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, తుపాన్లు. ఎండాకాలంలో లోడు ఎక్కువై మధ్యాహ్నం కోతలు. సర్వర్ ప్రపంచాన్ని డిస్కు మీద రాస్తున్న క్షణంలో కరెంటు పోతే రీజియన్ ఫైలు సగంలో ఆగిపోతుంది. మళ్ళీ ఆన్ చేసేసరికి మీ కోట ఉన్నచోట ముక్కలు లేచిపోయి, కొత్త నేల చదరాలు చదరాలుగా పుట్టుకొస్తుంది. బ్యాటరీ గంట నిలిచే పాత ల్యాప్‌టాప్ అయితే దానికదే యూపీఎస్.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గదా అని ధీమాగా డెస్క్‌టాప్ పెట్టేముందు ఇన్వర్టర్ వెనక చూడండి. చాలా మోడళ్ళకు యూపీఎస్ మోడ్, సాధారణ మోడ్ అని రెండు స్థానాల స్విచ్ ఉంటుంది. సాధారణ మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే సమయం ఎక్కువ. ఫ్యాను, లైటుకు తెలియదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. స్విచ్ యూపీఎస్ వైపు పెట్టండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కొన్ని కొత్త పవర్ సప్లైలు దాని మీద సరిగా నడవవు, సైన్ వేవ్‌దే కావాలి.

రౌటర్‌ను మరిచిపోకండి. ల్యాప్‌టాప్ బతికుండి రౌటర్ ఆరిపోతే ఏం లాభం? 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి తగిలిస్తే రౌటర్ కొన్ని గంటలు నడుస్తుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని యాంపియర్లు రాసి ఉందో చూసి, అంత ఇవ్వగలిగేదే తీసుకోండి. అంతా చేసినా తుపాను రోజున మీ చేతిలో లేనిది ఒకటుంది. ఏపీ ఫైబర్‌నెట్ లాంటి లైన్లు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. కొమ్మ విరిగిపడితే తీగా తెగుతుంది, కేబులూ తెగుతుంది. అలాంటి రోజుల్లోనూ ఆట ఆగకూడదంటే ఇంట్లో సర్వర్ మీకు కాదు.

వేడి ఇంకో శత్రువు. రోహిణి కార్తెలో నెల్లూరులో పైఅంతస్తు గది నలభై డిగ్రీలు దాటితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. రాత్రి బాగా నడిచిన సర్వర్ మధ్యాహ్నం రెండింటికి ల్యాగ్ కొడుతుంటే మోడ్లను అనుమానించే ముందు ఉష్ణోగ్రత చూడండి. ల్యాప్‌టాప్ మూత మూసి అల్మరాలో పెట్టొద్దు. వెనకవైపు రెండు సీసా మూతలు ఎత్తు పెట్టి గాలి ఆడనివ్వండి. ఇరవైనాలుగు గంటలూ చార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది, కాబట్టి కంపెనీ ఇచ్చే సెట్టింగులో చార్జింగ్‌ను 60 లేదా 80 శాతం దగ్గర ఆపండి. విండోస్ అయితే స్లీప్ పూర్తిగా ఆపేయాలి, అప్‌డేట్ రీస్టార్ట్ ఆడే వేళల్లో రాకుండా సమయం పెట్టాలి.

కరెంటు ఖర్చు లెక్క సులువు. 30 వాట్లు లాగే ల్యాప్‌టాప్ నెలంతా నడిస్తే సుమారు 22 యూనిట్లు. 90 వాట్లు లాగే డెస్క్‌టాప్ అయితే 65. ఆ యూనిట్లు మీ బిల్లులో అన్నిటికన్నా పై శ్లాబులో చేరతాయి, ఆ రేటుతో గుణించుకోండి. కొన్ని ఇళ్ళల్లో ఆ సొమ్ము చిన్న అద్దె సర్వర్‌కు దగ్గరగా వస్తుంది. అప్పుడు ఇంట్లో పెట్టడంలో పొదుపు ఏమీ లేదు.

సర్వర్ అంటూ వేరే పెట్టకుండా సింగిల్ ప్లేయర్ ప్రపంచాన్నే "ఓపెన్ టు ల్యాన్" నొక్కి టన్నెల్ ద్వారా తెరవచ్చు. ఇద్దరు ముగ్గురు ఆదివారం పూట రెండు గంటలు ఆడుకోవడానికి ఇంతకన్నా తేలిక లేదు. కానీ ఒకే మెషీన్ ఆటనూ గీయాలి, సర్వర్‌నూ నడపాలి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో పెద్ద మోడ్‌ప్యాక్‌తో అది జరగదు. ప్రపంచం ఉన్న మనిషి నిద్రపోతే మిగతావాళ్ళ ఆట కూడా నిద్రపోయినట్టే. గొడవలు మొదలయ్యేది సాంకేతిక సమస్యలతో కాదు, "నువ్వు లేకపోతే మేం ఆడకూడదా" అన్న మాటతో.

ఉచిత సైట్లు

ఆటెర్నోస్ అందరికీ తెలిసిందే. రూపాయి అడగదు, బ్యాకప్‌లు మీ గూగుల్ డ్రైవ్‌కే పంపుకోవచ్చు. మొదటిసారి సర్వర్ అంటే ఏంటో నేర్చుకోవడానికి మంచి బడి. ఇబ్బందులు తెలిసి దిగండి. ఆడేవాళ్ళు ఎవరూ లేకపోతే కొద్ది నిమిషాల్లో ఆగిపోతుంది, మళ్ళీ లేపడానికి వరసలో నిలబడాలి. మోడ్లు వాళ్ళ జాబితాలోంచే ఎంచుకోవాలి, మీ చేతిలో ఉన్న మోడ్ ఫైలు (జార్) ఎక్కించలేరు. మెషీన్లు యూరప్‌లో ఉంటాయి గనుక ఇక్కడినుంచి పింగ్ సుమారు 150 మిల్లీసెకన్లకు అటూ ఇటూ ఉంటుంది. ఇళ్ళు కట్టుకోవడానికి, యంత్రాలు బిగించుకోవడానికి అది అడ్డు కాదు. కత్తి యుద్ధానికి మాత్రం అడ్డే. నలభై యాభై మోడ్ల వరకూ సరే, రెండువందల మోడ్ల ప్యాక్ అక్కడ పైకి లేవడమే కష్టం.

ఉచితంలో ఇంకో రకం, ఒరాకిల్ క్లౌడ్. ముంబైలోనూ హైదరాబాదులోనూ వాళ్ళ కేంద్రాలున్నాయి కాబట్టి పింగ్ బాగుంటుంది. చాలాకాలంగా 4 ఆర్మ్ కోర్లు, 24 జీబీ ర్యామ్ వరకూ ఉచితంగా ఇస్తూ వచ్చారు. ఈ పరిమితులు మారుతుంటాయి గనుక ఖాతా తెరిచే రోజున వాళ్ళ పేజీలో ఏ అంకె ఉందో చూసుకోండి. చిక్కులు నాలుగు. ఖాతా తెరిచేటప్పుడు ఎంచుకున్న రీజియన్ తర్వాత మారదు, ఉచిత మెషీన్ అక్కడే. ఆ రీజియన్‌లో "అవుట్ ఆఫ్ కెపాసిటీ" అని రోజుల తరబడి రావచ్చు. ఏడు రోజులు పనిలేకుండా ఖాళీగా ఉన్న మెషీన్‌ను వెనక్కి తీసుకుంటారు. ఇక చాలామంది బోల్తాపడే చోటు పోర్టు. వాళ్ళ వెబ్ పేజీలోని సెక్యూరిటీ లిస్టులో 25565 తెరిచినా సరిపోదు, మెషీన్‌లోని ఉబుంటు లోపల ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్‌లో కూడా తెరవాలి. రెండు తలుపులు, రెండు తాళాలు. లినక్స్ కమాండ్లంటే భయం లేని మనిషి గుంపులో ఒక్కరైనా ఉంటేనే ఇటు రండి.

అద్దె సర్వర్లు

నెలకు ఇంత అని జీబీ లెక్కన అమ్ముతారు. ప్యానెల్‌లో మోడ్‌ప్యాక్ పేరు ఎంచుకుంటే దానంతటదే ఎక్కుతుంది, కరెంటు బాధ లేదు, సీజీన్యాట్ బాధ లేదు. డబ్బు పెట్టగలిగితే సుఖం ఇందులోనే ఉంది. కానీ ప్రకటనల్లో ర్యామ్ అంకె పెద్దగా వేసి, ప్రాసెసర్ పేరు దాచేవాళ్ళ దగ్గర కొనొద్దు. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ తన ప్రధానమైన పనంతా ఒకే త్రెడ్‌లో, అంటే ప్రాసెసర్‌లోని ఒకే కోరు మీద, చేస్తుంది. ఆట సెకనుకు 20 టిక్కులు (అడుగులు) వేయాలి, ఒక్కో టిక్కుకు 50 మిల్లీసెకన్లు. ఆ ఒక్క కోరు వేగం చాలకపోతే 32 జీబీ ర్యామ్ పోసినా ల్యాగ్ పోదు. పాత సర్వర్ ప్రాసెసర్‌లో కోర్లు ఎన్నో ఉంటాయి, ఒక్కోదాని వేగం తక్కువ. ప్రాసెసర్ మోడల్ అడగండి, చెప్పకపోతే వదిలేయండి. ఊరు ముంబై, హైదరాబాద్ లేదా చెన్నై అయితే మొదటి మార్కు. ఆ తర్వాత సింగపూర్. చెన్నై తీరం నుంచి సింగపూర్‌కు సముద్రపు కేబుళ్ళు ఉన్నాయి కాబట్టి కోస్తా వాళ్ళకు అది యూరప్ కన్నా ఎంతో నయం.

విదేశీ కంపెనీలకు కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. 2020 నుంచి బ్యాంకులు కొత్త కార్డులకు విదేశీ చెల్లింపులు ఆపి ఇస్తున్నాయి, యాప్‌లో మీరే తెరవాలి. 2021 అక్టోబరు నుంచి ఆటోపేకు కొత్త నిబంధనలు వచ్చాయి, దానివల్ల కొన్ని సైట్లలో నెలనెలా దానంతటదే కట్టబడదు. గడువు దాటితే సర్వర్ ఆపుతారు, కొన్నాళ్ళకు ఫైళ్ళు చెరిపేస్తారు. గడువు తేదీకి మూడు రోజుల ముందు ఫోన్లో అలారం పెట్టుకోండి. వారానికి పది గంటలే ఆడే గుంపుకు నెల అద్దె దండగ, నడిచిన గంటలకే లెక్కకట్టే సర్వర్లు చూడండి.

మా ఓటు ఇలా. శని, ఆదివారాలు మాత్రమే ఆడే ఐదుగురికి గంట లెక్కన అద్దె. రోజూ సాయంత్రం ఆడుతూ, ఇంట్లో బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ ఉంటే అదీ, టెయిల్‌స్కేలూ. ఎనిమిది మందికి మించితే తలా ఇంత వేసుకుని నెల అద్దె, సందేహం అక్కర్లేదు.

ఎక్కడ పెట్టినా వచ్చే తలనొప్పులు

ర్యామ్ లెక్క: ముప్ఫై మోడ్ల లోపు 3 లేదా 4 జీబీ, వంద దాకా 6, రెండువందలు మూడువందలైతే 8 నుంచి 10. ఇది సర్వర్‌కు ఇచ్చేది, ఆపరేటింగ్ సిస్టంకు ఇంకో 2 జీబీ వదలాలి. అవసరానికి మించి ఇచ్చినా చేటే. మెమరీలో చెత్త పేరుకున్నాక జావా ఒక్కసారిగా ఊడవడానికి ఆగితే అందరూ రెండు సెకన్లు కొయ్యబారిపోతారు. ఫోర్జ్ అంటే మోడ్లను ఆటలోకి ఎక్కించే లోడర్, ఫ్యాబ్రిక్ ఇంకొకటి. కొత్త ఫోర్జ్ సర్వర్లలో యూజర్ జేవీఎం ఆర్గ్స్ అనే ఫైలులో ఈ అంకె పెట్టాలి. "కుడ్ నాట్ రిజర్వ్ ఎనఫ్ స్పేస్" అని వస్తే చాలాసార్లు మీరు వేసింది 32 బిట్ జావా. దాన్ని తీసేసి 64 బిట్‌ది వేయండి.

జావా వెర్షన్ తప్పితే సర్వర్ మొదటి అడుగే వేయదు. 1.16.5 దాకా జావా 8, 1.17కు 16, 1.18 నుంచి 1.20.4 దాకా 17, 1.20.5 నుంచి 1.21 వెర్షన్లన్నిటికీ 21. ఎర్రర్‌లో క్లాస్ ఫైల్ వెర్షన్ 61 అని కనపడితే 17 అడుగుతోంది, 65 అయితే 21.

ఫోర్జా, ఫ్యాబ్రిక్కా అన్న వాదన అనవసరం. మీకు కావలసిన పెద్ద మోడ్ దేనికి వచ్చిందో అదే మీ లోడర్. 2023లో ఫోర్జ్ నుంచి నియోఫోర్జ్ విడిపోయింది, 1.20.1 దాటిన ప్యాకులు ఎక్కువగా అటే పోయాయి. ఒక లోడర్ మోడ్ ఇంకో లోడర్‌లో వేసి ఎందుకు రావట్లేదని కూర్చోవద్దు.

సర్వర్ ఎక్కగానే కూలి, లాగ్‌లో "ఇన్‌వాలిడ్ డిస్ట్ డెడికేటెడ్ సర్వర్" అని ఉంటే, తెరకు మాత్రమే పనికొచ్చే మోడ్ సర్వర్ ఫోల్డర్‌లో పడింది. షేడర్లు, చిన్న మ్యాపులు, మెనూ అలంకారాలు అలాంటివి. మీ మోడ్స్ ఫోల్డర్‌ను అలాగే కాపీ చేయకుండా ప్యాక్ పేజీలో విడిగా ఇచ్చే సర్వర్ ప్యాక్ దించుకోండి. స్నేహితులందరి దగ్గరా అవే మోడ్లు అవే వెర్షన్లలో ఉండాలి. వాట్సాప్‌లో ఒక్కో జార్ పంపుకుంటే ఎవరో ఒకరి దగ్గర తేడా వస్తుంది. ప్రిజం లాంచర్‌లోంచి ప్యాక్ మొత్తాన్ని ఒకే ఫైలుగా ఎగుమతి చేసి పంపండి. ప్యాక్ బాధ్యత ఒక్కరికే ఇవ్వండి.

సర్వర్ ప్రాపర్టీస్ ఫైలులో మూడు మార్పులు మొదటి రోజే చేయండి. అలౌ ఫ్లైట్‌ను ట్రూ చేయాలి, లేకపోతే జెట్‌ప్యాక్ వేసుకున్నవాణ్ణి సర్వర్ బయటికి నెడుతుంది. మ్యాక్స్ టిక్ టైమ్‌ను మైనస్ 1 చేయాలి, లేకపోతే బరువైన మోడ్ 60 సెకన్లు పట్టించినప్పుడు సర్వర్ తనను తానే చంపుకుంటుంది. వ్యూ డిస్టెన్స్‌ను 10 నుంచి తగ్గించాలి. 10 అంటే ఒక్కో మనిషి చుట్టూ 441 చంకులు (సర్వర్ ఒక్కొక్కటిగా నడిపే నేల ముక్కలు), 8 అయితే 289, 6 అయితే 169. ఈ ఒక్క అంకె ఇచ్చే ఉపశమనం ఏ ఆప్టిమైజేషన్ మోడూ ఇవ్వదు.

"కాన్ట్ కీప్ అప్" అని పదేపదే వస్తుంటే ఊహించకండి, స్పార్క్ మోడ్ వేసి రెండు నిమిషాలు ప్రొఫైల్ తీయండి. ఏ మోడ్ ఎంత సమయం తింటోందో శాతాల్లో కనపడుతుంది. ఎక్కువసార్లు దొంగ దొరికేది రెండు చోట్ల: వందల కోళ్ళు, ఆవులు కిక్కిరిసిన దొడ్డి, లేదా కొత్త భూమి వైపు ఎగురుకుంటూ పోయే మనిషి. రెండోదానికి చంకీ మోడ్‌తో రెండువేల బ్లాకుల వ్యాసార్ధం ముందే తయారు చేయించి సరిహద్దు గీయండి. అది 62,500 చంకుల పని, రాత్రి పడుకునేముందు పెట్టండి.

అదే సర్వర్ ప్రాపర్టీస్ ఫైలులో, ఆట కొన్నారో లేదో చూసే ఆన్‌లైన్ మోడ్‌ను ఫాల్స్ చేసి ఆట కొననివాళ్ళను రానిస్తే, మీ పేరు పెట్టుకుని ఎవరైనా మీ అధికారాలతో లోపలికి రావచ్చు. వైట్‌లిస్టు (రానిచ్చేవాళ్ళ జాబితా) కూడా అప్పుడు పేరునే నమ్ముతుంది. బయటికి తెరిచిన 25565ను వెతుక్కుంటూ తిరిగే స్కానర్లు నిత్యం ఉంటాయి. 1.12.2, 1.16.5 లాంటి పాత ప్యాకులు ఆడేవాళ్ళు 2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లైబ్రరీలో బయటపడ్డ భద్రతా లోపం గుర్తుపెట్టుకుని ఆ వెర్షన్‌కు చివరిగా వచ్చిన ఫోర్జ్ బిల్డే వాడాలి. 2023 జూన్‌లో కర్స్‌ఫోర్జ్‌లోని కొన్ని మోడ్లలోకే వైరస్ చొరబడింది. పెద్ద సైట్లలోనే అలా జరిగితే ఎవరో తిరిగి ఎక్కించిన లింకుల సంగతి చెప్పనక్కర్లేదు, వాటి జోలికి పోవద్దు.

ఫోన్లో ఆడేవాళ్ళుంటే

ఫోన్లో నడిచేది బెడ్రాక్ అనే వేరే ఎడిషన్, కాబట్టి ఫోన్ వాళ్ళు ఫోర్జ్, ఫ్యాబ్రిక్ మోడ్లు ఆడలేరు. గీజర్ అనే వంతెన మామూలు జావా సర్వర్‌కు పనికొస్తుంది గానీ, మోడ్లు తెచ్చే కొత్త బ్లాకులు, యంత్రాలు ఫోన్‌కు అర్థం కావు. గుంపులో సగం మంది ఫోన్లవాళ్ళయితే మైన్‌క్రాఫ్ట్ లాంటిదే అయిన లువాంటి చూడండి. 2024 అక్టోబరు దాకా దాని పేరు మైన్‌టెస్ట్. పూర్తిగా ఉచితం, పాత ఫోన్లలోనూ నడుస్తుంది, సర్వర్‌లో ఉన్న మోడ్లను ఆడేవాళ్ళు విడిగా వేసుకోనక్కర్లేదు, చేరగానే కావలసినవి సర్వరే పంపుతుంది. పోర్టు 30000 యూడీపీ. మైన్‌క్రాఫ్ట్‌కు దగ్గరగా కావాలంటే అందులో వోక్సెలిబ్రే వేయండి. పెద్ద మైన్‌క్రాఫ్ట్ ప్యాకుల్లోని వైభవం ఉండదు, కానీ అందరూ ఆడగలుగుతారు.

బ్యాకప్

ఏ దారి ఎంచుకున్నా వరల్డ్ ఫోల్డర్ కాపీ మీ చేతికి రాని చోట సర్వర్ పెట్టొద్దు. నడుస్తున్న సర్వర్ ఫోల్డర్‌ను అలాగే కాపీ చేస్తే సగం రాసిన ఫైళ్ళు వస్తాయి. కన్సోల్‌లో సేవ్ ఆఫ్, తర్వాత సేవ్ ఆల్ ఫ్లష్ కొట్టి, కాపీ అయ్యాక సేవ్ ఆన్ కొట్టాలి. సేవ్ ఆన్ మరిచిపోతే ఆ తర్వాత ఆడిందంతా డిస్కు మీదికి ఎక్కదు, అందుకే బ్యాకప్ మోడ్‌కు అప్పజెప్పడం మేలు. రోజుకొకటి చొప్పున ఏడు కాపీలు, వాటిలో కనీసం ఒకటి వేరే ఊళ్ళో ఉన్న స్నేహితుడి దగ్గర. ఏ మోడ్ తీసేసేముందైనా తప్పకుండా ఒక కాపీ తీయండి, ఎందుకంటే ప్రపంచంలో తెరుచుకున్న ప్రతి చోటా ఆ మోడ్ బ్లాకులు మాయమవుతాయి, మోడ్ మళ్ళీ వేసినా తిరిగి రావు. నెలకొకసారి పాత కాపీని అదే మోడ్‌ప్యాక్‌తో సింగిల్ ప్లేయర్‌లో తెరిచి, మీ ఇంటి పెట్టెల్లో సామాను సరిగ్గా ఉందో లేదో చూడండి.